పై వరసలో కూర్చుంటేనే కనిపిస్తుంది: డ్రమ్ కోర్ మీద పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో బోస్టన్ క్రూసేడర్స్ అనే అమెరికా డ్రమ్ కోర్ గురించి, అంటే బాకాలూ డ్రమ్ములూ వాయిస్తూ మైదానంలో ఆకారాలు గీసే బృందం గురించి, నాలుగు మాటలు రాశాను. 1940లో పుట్టిన బృందం, ఇలాంటి బృందాలకి ఏటా జరిగే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ ఛాంపియన్‌షిప్ మొట్టమొదటిసారి గెలిచింది 2025 ఆగస్టులో. 85 ఏళ్ళు ఎదురుచూసిన గెలుపు, రాయకుండా ఎలా ఉంటాను? దానికి ఇన్ని ప్రశ్నలు వస్తాయనుకోలేదు. అక్కడ శనివారం రాత్రి జరిగే ఫైనల్స్ కోసం ఇక్కడ బెంగళూరులో ఆదివారం తెల్లవారుజామున లేచి కూర్చునే తెలుగువాళ్ళు నాలాగే ఇంకా ఉన్నారన్నమాట. ఒకే సంగతి అడిగిన ప్రశ్నల్ని కలిపేశాను. చాలామంది పేర్లు వద్దన్నారు కాబట్టి పేటల పేర్లే వేస్తున్నాను.

ప్రశ్న: ఇది బ్యాండ్ మేళమే కదండీ, కాస్త పెద్ద సైజులో. దీని మీద అభిమానులు అంతలా వాదించుకోవడానికి ఏముంది? (మారతహళ్ళి)

బ్యాండే, కాదనను. కాకపోతే ఇందులో క్లారినెట్, శాక్సఫోన్, ఫ్లూట్ ఉండవు. ఊదేవన్నీ ఇత్తడివే, ట్రంపెట్ నుంచి ట్యూబా దాకా. వాటికి తోడు భుజాలకి తగిలించుకుని నడుస్తూ వాయించే డ్రమ్ములు, మైదానం ముందు అంచున నేలమీద పెట్టి వాయించే మరింబా, వైబ్రాఫోన్ లాంటి, కర్రలతో పట్టీల మీద కొట్టే వాయిద్యాలు (ఆ గుంపుని పిట్ అంటారు), ఇంకా జెండాలూ చెక్క తుపాకులూ కత్తులూ గాల్లోకి విసిరి పట్టుకునే కలర్ గార్డ్. పెద్ద బృందంలో మొత్తం 150 మందికి పైనే ఉంటారు. అందరూ కుర్రాళ్ళూ అమ్మాయిలే, 22 ఏళ్ళు నిండితే ఇక చోటు లేదు, చివరి ఏడాది ఆడేవాళ్ళని ఏజ్ అవుట్ అంటారు. 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్ అనే ఊళ్ళో మొదటి ఛాంపియన్‌షిప్ జరిగింది, అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచారు. 2009 నుంచి ఫైనల్స్ ఇండియానాపొలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియంలో జరుగుతున్నాయి.

వాదన ఎందుకంటే, ఒక బృందం వేసవి అంతా ఒకే షో ఆడుతుంది, అదీ పది పన్నెండు నిమిషాలది. జూన్‌లో మొదటిసారి చూపించిన షో ఆగస్టుకి అలాగే ఉండదు. మధ్యలో ఒక సోలో తీసేస్తారు, ముగింపు మార్చేస్తారు, బస్సుల్లో ఊరూరూ తిరుగుతూ రాత్రి పోటీ ఆడి మర్నాడు పొద్దున ఏదో ఒక స్కూలు మైదానంలో కొత్త ముక్క నేర్చుకుంటారు. అభిమానులేమో ఆ ఊరి వెర్షన్ బాగుంది, ఈ ఊళ్ళో చెడగొట్టారు అని తగువు పడతారు. చిన్న షో కాబట్టే ప్రతి సెకనూ అందరికీ కంఠతా వచ్చేస్తుంది, కంఠతా వచ్చినదాన్ని మారిస్తే ఎవరూరుకుంటారు?

ప్రశ్న: మిలిటరీ బ్యాండ్‌లో చాలా ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మా మనవడు ఈ వీడియోలు చూపించాడు. పిల్లలు పరుగెడుతున్నారు, నేలమీద దొర్లుతున్నారు. వరస ఏది, అడుగు ఏది, క్రమశిక్షణ ఏది? జనవరి 26న మన మానెక్‌షా మైదానంలో నడిచే బ్యాండ్ ముందు ఇది నిలబడుతుందా అమ్మా? (ఉల్సూరు)

మాస్టారూ, అసలు డ్రమ్ కోర్ పుట్టిందే మీ దగ్గర. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో అమెరికన్ లీజియన్ లాంటి మాజీ సైనికుల సంఘాలు పిల్లల చేతికి బ్యూగిళ్ళూ డ్రమ్ములూ ఇచ్చి ఈ బృందాలని పెంచాయి. చాలాకాలం వాళ్ళూ మీలాగే నిటారు వరసల్లో, ఎడమవైపు ఏముందో కుడివైపు అదే ఉండేలా నడిచారు. 1980ల మొదట్లో న్యూజెర్సీ బృందం గార్‌ఫీల్డ్ కేడెట్స్‌కి (తర్వాత ఉత్త కేడెట్స్ అయ్యారు) డ్రిల్, అంటే ఎవరు ఎప్పుడు ఎక్కడికి కదలాలో చూపే పటం, గీసిన జార్జ్ జింగాలి ఆ రెండువైపుల లెక్కని చెరిపేశాడు. వంపులు, సుడులు, ఒక ఆకారం ఇంకా పూర్తి కాకముందే దానిలోంచి ఇంకొకటి మొదలవడం, అదీ విపరీతమైన వేగంతో. 1983, 84, 85 వరసగా మూడేళ్ళు వాళ్ళే గెలిచారు, ఆ తర్వాత అందరూ ఆ దారే పట్టారు.

క్రమశిక్షణ సంగతి మీకు తెలిసిన లెక్కలోనే చెబుతాను. వాళ్ళు ఆడేది అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో, దాని పొడవు 100 గజాలు, అంటే 91 మీటర్ల పైచిలుకు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. ఈ చివర ఊదిన ట్రంపెట్ ఆ చివర వినపడేసరికి పావు సెకను దాటిపోతుంది. నిమిషానికి 180 బీట్ల వేగంలో ఒక బీట్ అంటే సెకనులో మూడో వంతే, అంటే చెవిని నమ్ముకుని వాయించినవాడు దాదాపు ఒక బీట్ వెనకబడతాడు. పరేడ్‌లో బ్యాండ్ దగ్గర దగ్గరగా నడుస్తుంది కాబట్టి ఈ బాధ తక్కువ. ఇక్కడ మైదానం నిండా చెదిరి ఉంటారు. అందుకే వాళ్ళకి మొదటి రోజు నుంచే నూరిపోస్తారు: వెనకనుంచి వచ్చేది విను, ముందునుంచి వచ్చేదానికి చెవి మూసుకో. స్నేర్ (సైడ్ డ్రమ్) వరస మధ్యలో ఉన్నవాడు, ముందు నిలబడి తాళం చూపించే డ్రమ్ మేజర్ చెయ్యి చూసి వాయిస్తాడు. అతని ముందున్నవాళ్ళు అతన్ని వింటారు. అతనికన్నా వెనకపడ్డవాళ్ళు వినడం మానేసి చెయ్యిని మాత్రమే నమ్ముతారు. అందరికన్నా ముందు నిలబడే పిట్ వాళ్ళు వెనకనుంచి తేలి వచ్చే డ్రమ్ములకి తమ వాయింపు కలుపుతారు. ఇంత జరిగితేనే పైన కూర్చున్న మన చెవికి అంతా ఒక్కసారే పడుతుంది. ఇప్పుడు దీనికి కదలికను కలపండి. స్నేర్ వరస షో అంతా ఒక్కచోట ఉండదు, కాబట్టి ఎవరి ముందు ఎవరున్నారు, ఎవరిని వినాలి అన్నది నిమిషానికోసారి మారిపోతుంది.

అడుగూ లెక్కే. 5 గజాలకి 8 అంగలు, అంగకి 22.5 అంగుళాలు. వెనక్కి నడిచేటప్పుడు మడమ నేలకి తగలకుండా మునివేళ్ళ మీద నడవాలి. పక్కకి జరిగేటప్పుడు నడుము నుంచి కింద ఒకవైపు, భుజాలూ బాకా జనంవైపు. రిహార్సల్‌లో ఒక్కొక్కరి దగ్గరా చిన్న నోట్‌బుక్ వేలాడుతూ ఉంటుంది, అందులో ఏ బీట్‌కి ఏ గజం గీత నుంచి ఎన్ని అంగల దూరంలో నిలబడాలో తన చేత్తో రాసుకున్న పట్టిక ఉంటుంది. వాళ్ళు దొర్లినా పరుగెత్తినా ఆ పట్టిక ప్రకారమే. కాబట్టి మాస్టారూ, నిలబడుతుంది. నేలమీద దొర్లడం నాకూ ప్రతిచోటా నచ్చదు, ముఖ్యంగా బాకా పక్కన పెట్టేసి దొర్లితే అసలు నచ్చదు. నా కొలబద్ద ఒకటే, కష్టమైన సంగీతాన్ని కష్టంగా కదులుతూ అదే మనిషి వాయించాలి. ఆ రెండింటినీ విడదీసి, కాసేపు ఊదడం కాసేపు డాన్స్ అంటే, అవి బయట విడివిడిగా ఇంతకన్నా బాగా చేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు.

ప్రశ్న: అక్కా, పాత అభిమానులందరూ మైకులు, సింథసైజర్లు వచ్చి డ్రమ్ కోర్‌ని నాశనం చేశాయంటారు. మా ఫ్రెండ్స్‌లో రోజూ ఇదే గొడవ. నువ్వు ఎటువైపు? సూటిగా చెప్పు. (బీటీఎమ్ లేఅవుట్)

సగం అటు, సగం ఇటు తమ్ముడూ. తప్పించుకోవడానికి అనడం లేదు, ఏ సగం ఎటో చెబుతాను విను.

మైకులకి 2004లో అనుమతి వచ్చింది, ఎలక్ట్రానిక్ వాయిద్యాలకి 2009లో. మైకులు రాకముందు పిట్‌లో మరింబా వాయించేవాళ్ళు స్టాండ్స్ దాకా వినపడాలంటే గట్టి మాలెట్లతో (వాయించే కర్రలతో) బలమంతా పెట్టి కొట్టాల్సి వచ్చేది. ఆ చెక్కపట్టీలకున్న మెత్తదనం, ఆ గుండ్రటి నాదం పోయి టకటకలే మిగిలేవి. మైకు వచ్చాక మెత్తటి మాలెట్ పట్టుకుని మామూలు కచేరీలో వాయించినట్టు వాయించొచ్చు, చెయ్యి ఎంత సున్నితంగా ఆడుతోందో అంతా వినపడుతుంది. దీన్ని నేను నూటికి నూరుపాళ్ళూ సమర్థిస్తాను. 1990ల రికార్డింగు ఒకటి, ఈమధ్యది ఒకటి పెట్టి పిట్ మాత్రమే విను, నీకే తెలిసిపోతుంది.

సింథ్‌తో నా తగువు ఒక్కచోటే. షోలో పెద్ద ఘట్టం వస్తుంది, బాకాలన్నీ ఒక్కసారి జనంవైపు తిరిగి ఊదుతాయి, అదే క్షణంలో స్పీకర్లలోంచి కింది స్థాయి హోరు ఒకటి వదులుతారు. కుర్చీ అదురుతుంది, జనం లేచి చప్పట్లు కొడతారు. ఆ అదురు ఎవరి వల్ల వచ్చింది? అంతసేపూ ట్యూబా భుజం మీద మోస్తూ పరుగెత్తి వచ్చి, ఊపిరి బిగబట్టి ఆ కింది స్వరం పట్టిన ఇరవై ఏళ్ళ పిల్ల గొంతు ఎక్కడుంది? నాకు కోపం అక్కడ. కీబోర్డు మీద ఒక్క వేలితో ఆ పిల్ల చెమటని కప్పేశారు. మంచి ట్యూబా వరస ఉన్న బృందానికి ఆ హోరు అక్కర్లేదు, లేని బృందానికి అది ఊతకర్ర.

అలాగని ఎలక్ట్రానిక్స్ మొత్తం తీసేయమనను. బ్లూకోట్స్ 2014లో ‘టిల్ట్’ అనే షో చేశారు, అందులో స్వరాలు వంగిపోయి జారిపోతుంటాయి, బాకాలూ ఎలక్ట్రానిక్స్ కలిసి జారతాయి. రెండూ ఒకదాన్నొకటి మింగకుండా, ఒకటి లేకపోతే ఇంకోటి లేదన్నట్టు ఉంటుంది. అలా వాడితే ఎవరికి అభ్యంతరం?

మాటలు, అదే మైకులో కథ చెప్పడం, నాకు దాదాపు ఎప్పుడూ నచ్చదు. కేడెట్స్ 2006, 2007 షోల్లో మాటలు ఎక్కువైపోయాయని ఇప్పటికీ తిట్టుకునేవాళ్ళున్నారు, వాళ్ళలో నేనూ ఉన్నాను. అద్భుతంగా ఊదుతున్న బాకాల మీద మనిషి గొంతు పడితే చెవి మాటవైపే పోతుంది, సంగీతం వెనక్కి పోతుంది.

ఇంకో సంగతి, నీ పాత అభిమానులకి చెప్పు. 2000 దాకా కోర్‌లలో జి శ్రుతి బ్యూగిళ్ళే ఉండేవి. మామూలు ట్రంపెట్లు, ట్యూబాలు ఒప్పుకున్నప్పుడూ ఇక అంతా అయిపోయిందనే అన్నారు. ఇప్పుడు ఆ మాటే ఎవరూ ఎత్తరు.

ప్రశ్న: 2008 ఫైనల్స్‌లో ఫాంటమ్ రెజిమెంట్‌కి 98.125, బ్లూ డెవిల్స్‌కి 98.1. ఇంత వెంట్రుకవాసి తేడాని ఎలా కొలుస్తారండీ? పైగా మామూలుగా ఎప్పుడు చూసినా బ్లూ డెవిల్సే ఎందుకు గెలుస్తారు? (హెచ్ఎస్ఆర్ లేఅవుట్)

మార్కులు వందకి. అందులో 40 మొత్తం ప్రభావానికి, అంటే షో నిన్ను కదిలించిందా, ఆలోచన పండిందా అన్నదానికి. 30 దృశ్యానికి, అందులో నడక శుభ్రత, డ్రిల్ కూర్పు, కలర్ గార్డ్ మూడూ వస్తాయి. మిగతా 30 సంగీతానికి: బ్రాస్, డ్రమ్ములు, సంగీతపు కూర్పు. న్యాయనిర్ణేతలు షో జరుగుతుండగానే తమకి కనిపించింది మాట్లాడుతూ రికార్డు చేస్తారు, ఆ మాటలు తర్వాత బృందాలకి అందుతాయి. ఇంతమంది మార్కుల్ని కలిపి సగటు తీస్తారు కాబట్టి 0.025 తేడాలు పుట్టుకొస్తాయి. ఆ తేడాకి పెద్ద అర్థం ఉందని నేననుకోను. ఆ రెండు షోలూ సమానం, ఒకటి పైన రాయాలి కాబట్టి రాశారు. ఆ రాత్రి ఫాంటమ్ రెజిమెంట్ ఆడిన స్పార్టకస్ కథకి, రోమన్ బానిసల తిరుగుబాటు కథకి, స్టేడియం ఎలా ఊగిపోయిందో రికార్డింగులో వినండి, జనం తీర్పు అందులోనే ఉంది.

1984కి ముందు పద్ధతి వేరు. వాయింపు, నడక శుభ్రతకి పూర్తి మార్కులతో మొదలుపెట్టి, తప్పు కనపడిన ప్రతిసారీ పాయింటులో పదో వంతు కోసేవాళ్ళు. తప్పు లేకుండా చేస్తే చాలు, సాహసం చేస్తే నష్టం. కోతలు తీసేసి, సాధించినదానికి మార్కులు పేర్చే పద్ధతి వచ్చాకే ఈ వేగం, ఈ డిజైన్ అంతా సాధ్యమైంది. ఇప్పటి మార్కుల్ని తిట్టేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బ్లూ డెవిల్స్ కాలిఫోర్నియాలోని కాంకర్డ్ వాళ్ళు, 2023తో కలిపి 21 టైటిళ్ళు. 2014లో 99.65 తెచ్చుకున్నారు, ఇప్పటిదాకా అదే రికార్డు. పక్షపాతం అనే మాట నేను ఒప్పుకోను. వాళ్ళ షోలో ఏ సెకను ఆపి చూసినా మైదానంలో మూడు నాలుగు చోట్ల పని జరుగుతూ ఉంటుంది, ఎక్కడా ఖాళీగా నడిచి వెళ్ళిపోవడం ఉండదు, అన్నీ శుభ్రంగా ఉంటాయి. న్యాయనిర్ణేతల కాగితంలో ఏ గడి చూసినా నిండుతుంది. కానీ మీ మనసులో ఉన్న ప్రశ్న అది కాదని నాకు తెలుసు. మళ్ళీ మళ్ళీ పెట్టుకుని చూసే షోలు వాళ్ళవి నాకూ తక్కువే. అంత పనిలో కన్ను ఎక్కడ నిలపాలో తెలియక మనసుకి పట్టుకోవడానికి ఒక చోటు దొరకదు.

దీనికి తిరకాసు ఉదాహరణ 1993 స్టార్ ఆఫ్ ఇండియానా. బార్బర్, బార్టోక్ అనే స్వరకర్తల సంగీతం, కోణాల్లాంటి డ్రిల్, జనానికి చప్పట్లు కొట్టే చోటే ఇవ్వలేదు. ఆ వేసవిలో కొన్నిచోట్ల వాళ్ళని ఈసడించారు కూడా. ఫైనల్స్‌లో పాయింటులో పదో వంతు తేడాతో కేడెట్స్‌కి ఓడిపోయి, ఆ ఏడాదితో పోటీలే మానేశారు. అందులోంచే తర్వాత ‘బ్లాస్ట్!’ అనే రంగస్థల ప్రదర్శన పుట్టి 2001లో టోనీ అవార్డు తెచ్చుకుంది. ఇవాళ డిజైన్ గురించి మాట్లాడే ఎవరైనా ఆ షో పేరెత్తకుండా ఉండరు. జనానికి నచ్చకపోవడం, బాగుండకపోవడం రెండూ ఒకటి కావు.

ప్రశ్న: మైదానం నిండా సెట్టింగులు, పరదాలు, ఏటా కొత్త కాస్ట్యూములు. డ్రిల్ కనపడకుండా పోతోంది. మీకు కోపం రాదా? (కోరమంగళ)

కొన్నిసార్లు వస్తుంది. నేలమీద పెద్ద గుడ్డ పరిచి దాని చుట్టూ మాత్రమే తిరిగే షోలున్నాయి, 100 గజాల మైదానంలో 40 గజాలు వాడకుండా వదిలేస్తారు. సెట్టింగు వెనక దాక్కుని బయటికి రావడమే కదలిక అనుకునేవాళ్ళూ ఉన్నారు.

కానీ 2016 బ్లూకోట్స్ ‘డౌన్ సైడ్ అప్’ చూడండి. స్కేటింగ్ పార్కుల్లో ఉండే వంపు తిరిగిన ర్యాంపులు పెట్టారు. పిల్లలు బాకాలతో వాటిపైకి పరుగెత్తి ఎక్కుతారు, జారుతారు. ఇక్కడ సెట్టింగు పని తగ్గించలేదు, పెంచింది. సమతలం మీద ఊదడమే కష్టమైతే వాలు మీద ఊపిరి ఎలా నిలపాలి, పెదవి ఎలా కదలకుండా పట్టాలి? పైగా ఆ షోలో టోపీలు లేవు, తెల్లటి మామూలు బట్టల్లాంటి దుస్తులు, ఒక్కొక్కరి ముఖం కనిపిస్తుంది. ఒహాయోలోని కాంటన్ అనే ఊరి బృందం అలా మొదటి టైటిల్ గెలిచింది. ఆ తర్వాత టోపీలూ ఈకలూ మెల్లగా అందరి దగ్గరా మాయమైపోయాయి. ఆ మార్పులో నాకు బాధ కలిగించేది ఒకటే, దూరం నుంచి చూసి ఇది ఎవరో చెప్పే గుర్తు పోయింది. కావలియర్స్ అంటే ఆకుపచ్చ, శాంటా క్లారా వాన్‌గార్డ్ అంటే ఆ ఆస్ట్రేలియా తరహా టోపీ. ఇప్పుడు పేరు తెరమీద వేస్తే తప్ప కొందరిని పోల్చుకోలేం.

ప్రశ్న: మల్టీ కెమెరా వీడియో చూడాలా, పైనుంచి తీసిన ఒకే కెమెరా వీడియోనా? (వైట్‌ఫీల్డ్)

పైనుంచి తీసిందే. డ్రిల్ గీసేవాళ్ళు పై వరసల్లో, మైదానం మధ్యలో ఉండే 50 గజాల గీత దగ్గర కూర్చున్నవాళ్ళ కంటికి గీస్తారు. కిందినుంచి చూస్తే అదంతా తలల గుంపే. ముఖాలూ చేతులూ చూడాలనిపిస్తే రెండోసారి మల్టీ కెమెరా పెట్టుకోండి.

ప్రశ్న: మాది విజయనగరం దగ్గర పల్లె. తప్పెటగుళ్ళు చూస్తూ పెరిగాను. రొమ్ముకి డ్రమ్ము కట్టుకుని వాయిస్తూ గెంతడం మావాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నదే. వీళ్ళు కొత్తగా చేసిందేమిటి? (ఎలక్ట్రానిక్ సిటీ)

మీరు అడిగినందుకు నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను, ఈ పోలిక గురించి రాయాలని చాలాకాలంగా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు గొల్లలు ఆడే తప్పెటగుళ్ళలో రొమ్ము మీద రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు, నోట పాట. అంటే ఒకే మనిషి మూడు పనులు చేస్తున్నాడు, పైగా గెంతుతూ, ఒకరి మీద ఒకరు ఎక్కుతూ. నేను పైన చెప్పిన కొలబద్ద ప్రకారం చూస్తే, అంటే వాయిస్తూనే కదలాలి, కదులుతూనే వాయించాలి అన్నది, దీన్ని మించింది లేదు. ఇక్కడ కన్నడవాళ్ళ డొళ్ళు కుణితమూ అంతే, అంత పెద్ద డోలు మోస్తూ ఎగరడం మాటలు కాదు.

తేడా ఎక్కడంటే చూసేవాడు ఎక్కడ ఉన్నాడన్నదానిలో. తప్పెటగుళ్ళకి జనం నేలమీద, చుట్టూరా, చెయ్యి చాపితే అందేంత దగ్గర. అందుకే అందులో అందం నిలువుగా పెరుగుతుంది, గెంతు, భుజాల మీద భుజాలు. డ్రమ్ కోర్ చూసేవాడు దూరంగా, ఎత్తున ఉంటాడు. కాబట్టి అందం నేలమీద పరుచుకుంటుంది, మనుషులు గీతలవుతారు. ఇంకో తేడా బేస్ డ్రమ్ముల్లో ఉంది. వీళ్ళు ఐదుగురు ఐదు సైజుల డ్రమ్ములు మోస్తారు, ఒకే పరుగు వాయింపుని ఐదుగురూ పంచుకుంటారు. ఒక్కొక్కడికి ఒకటో రెండో దెబ్బలే వస్తాయి, అవి కూడా సెకనులో పదో వంతు తేడాలో పడాలి. అన్నీ సరిగ్గా పడితే ఒకడే ఐదు డ్రమ్ములు వాయించినట్టు పైనుంచి కిందికి దొర్లుతుంది, ఒక్కడు తడబడితే మధ్యలో పన్ను ఊడినట్టుంటుంది. మన తప్పెటగుళ్ళలో అందరూ కలిసి ఒకే దరువు వేస్తారు, ఇక్కడ ఒకే దరువుని అందరూ పంచుకుంటారు.

మన తప్పెటగుళ్ళ బృందం ఒకటి ఆ పెద్ద మైదానంలో పై వరసల కంటికోసం ఆడితే ఎలా గీయొచ్చో నేను తరచూ ఊహించుకుంటాను. ఎవరైనా కొరియోగ్రాఫర్లు ఇది చదువుతుంటే నాకు రాయండి.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్ళు. స్కూల్ బ్యాండ్‌లో సైడ్ డ్రమ్ వాయిస్తాడు. ఈ వీడియోలు చూసి నేనూ అక్కడికి వెళ్తానంటున్నాడు. చదువు పోతుందని టెన్షన్‌గా ఉందండీ. అసలు అయ్యే పనేనా? (కృష్ణరాజపురం)

అయ్యే పనే, కానీ తొందరేం లేదమ్మా. జపాన్ నుంచీ ఇంకా వేరే దేశాల నుంచీ పిల్లలు వెళ్ళి ఆడుతున్నారు, చాలా బృందాలు మొదటి వడపోతకి వీడియో ఒప్పుకుంటాయి. అడ్డు డబ్బు. ఒక్క వేసవికి బృందానికి కట్టాల్సింది వేల డాలర్లలో ఉంటుంది, విమానం, వీసా వేరే. పడుకునేది స్కూలు జిమ్‌ల నేలమీద, ఎండలో రోజంతా రిహార్సల్. బృందాలకే డబ్బు కష్టం, 1934లో పుట్టి ఎన్నో టైటిళ్ళు గెలిచిన కేడెట్స్ 2024లో దివాలా తీసి మూతపడ్డారు. కాబట్టి ఇప్పుడే డబ్బు దాచడం మొదలుపెట్టకండి. మీవాడికి 22 రావడానికి ఇంకా చాలా టైముంది.

ఇప్పుడు వాడు చేయాల్సింది వేరే. ఒక రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ కొనివ్వండి, ఫోన్‌లో మెట్రోనోమ్ ఎలాగూ ఉంటుంది. అంతర్జాతీయంగా ఒప్పుకున్న రూడిమెంట్లు, అంటే డ్రమ్ములో మూల పాఠాల్లాంటి దరువులు, 40 ఉన్నాయి, వాటిని మెల్లగా, చాలా మెల్లగా, రెండు చేతులూ ఒకే ఎత్తుకి లేచేలా వాయించమనండి. డ్రమ్ లైన్‌లో మెల్లగా, గట్టిగా అనరు, కర్ర కొన ఎన్ని అంగుళాలు లేవాలో చెబుతారు, 3 అంటే 3, 9 అంటే 9. అద్దం ముందు నిలబడి కర్రల కొనలు చూసుకుంటే ఏ చెయ్యి దొంగతనం చేస్తోందో వాడికే కనపడుతుంది. వాయిస్తూ ఉన్నచోటే అడుగు వేయడం అలవాటు చేసుకోవాలి, పాదం బీట్ మీదే పడాలి. నిజం డ్రమ్ము మీద వాయించేటప్పుడు చెవుల్లో ఇయర్ ప్లగ్‌లు తప్పనిసరి, ఇది మాత్రం దయచేసి వదలకండి. గట్టిగా బిగించిన స్నేర్ చప్పుడు రోజూ గంటలకొద్దీ వింటే చెవులు పోతాయి, పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇక్కడే వాడికి దారులున్నాయి. రిపబ్లిక్ డే సందర్భంగా జాతీయ స్థాయిలో స్కూల్ బ్యాండ్ పోటీ జరుగుతుంది, వాళ్ళ స్కూలు అందులో పాల్గొంటుందేమో బ్యాండ్ మాస్టారుని అడగండి. దసరాకి మైసూరు వెళ్ళేట్టయితే బన్నిమంటపంలో దివిటీల పరేడ్‌కి తీసుకెళ్ళండి. కర్ణాటక పోలీసు బ్యాండ్‌లో ఇంగ్లిష్ బ్యాండ్‌తో పాటు కర్ణాటక సంగీతం వాయించే విభాగం కూడా ఉంది, అవకాశం దొరికితే తప్పకుండా వినిపించండి. చదువు గురించి మీ భయం నాకర్థమవుతుంది. కానీ రోజూ అరగంట మెట్రోనోమ్‌తో కూర్చోగలిగిన పిల్లాడు పుస్తకం ముందు కూర్చోలేడని మాత్రం నేననుకోను.

ప్రశ్న: మొదటిసారి చూడబోతున్నాను. దేనితో మొదలుపెట్టాలి? (యలహంక)

ముందు 2008 ఫాంటమ్ రెజిమెంట్, కథ ఉంది కాబట్టి దారి తప్పరు. తర్వాత 2002 కావలియర్స్ ‘ఫ్రేమ్‌వర్క్స్’. ఇది డ్రిల్ కోసం, పైనుంచి తీసిన వీడియోలోనే చూడాలి. గీతలు ఒకదాన్లోంచి ఇంకోటి దూరుకుపోతుంటే గుద్దుకోకుండా ఎలా బయటపడ్డారా అని ఆపి వెనక్కి వెళ్ళి చూసుకుంటారు. 2016 బ్లూకోట్స్ గురించి చెప్పాను కదా, మూడోది అది. నాలుగోది 2018 శాంటా క్లారా వాన్‌గార్డ్ ‘బాబిలాన్’, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని డ్రమ్ములే వినండి. 1993 స్టార్ ఆఫ్ ఇండియానా మాత్రం చివరికి ఉంచుకోండి. ఈ నాలుగూ చూడకుండా అది చూస్తే, ఆ రోజుల్లో స్టాండ్స్‌లో ఈసడించినవాళ్ళ పక్షాన చేరిపోయే ప్రమాదం ఉంది. చూశాక ఎలా అనిపించిందో రాయండి, నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, వచ్చే సంచికలో వేస్తాను.